అడగని డిపెండెన్సీలు: లినక్స్ ప్యాకేజీల చరిత్ర

కంప్యూటర్ల చరిత్ర అనగానే మీకు యంత్రాల చరిత్రే గుర్తుకు రావచ్చు. ఒక సాఫ్ట్‌వేర్ మన యంత్రంలోకి ఎవరి నిర్ణయంతో చేరుతుంది అన్నది కూడా చరిత్రకు చెందిన ప్రశ్నే. లినక్స్‌లో ఆ నిర్ణయం ఎలా చేతులు మారిందో, దాని పర్యవసానం 2024లో ఎలా బయటపడిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. డిపెండెన్సీ ఎందుకు వచ్చింది?

ఒక ప్రోగ్రాం పనిచేయడానికి మరో ప్రోగ్రాం గాని లైబ్రరీ గాని కావలసి వస్తే, దానిని డిపెండెన్సీ అంటారు. అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే కోడ్‌ను లైబ్రరీ అంటారు. తొలిరోజుల్లో లినక్స్ వాడేవారు వీటిని తామే వెతికి తెచ్చుకోవలసి వచ్చేది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, 1995లో ఆర్‌పీఎం పద్ధతిని తెచ్చిన రెడ్ హ్యాట్ ఈ శ్రమను తగ్గించాయి. ప్రతి ప్యాకేజీలోనూ దానికి కావలసిన వాటి జాబితా చేర్చారు. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ అనే సాధనం ఆ జాబితాను చదివి, అన్నింటినీ తానే తెచ్చి అమర్చసాగింది.

ఇది గొప్ప సౌకర్యమే. అయితే శుభలేఖలో 'సకుటుంబ సపరివార సమేతంగా' అని రాసినట్లు, ఒక ప్యాకేజీని పిలిస్తే దాని పరివారమంతా వస్తుంది. ఎవరెవరు రావాలో నిర్ణయించేది వాడుకరి కాదు, ప్యాకేజీని తయారుచేసినవారు.

2. అవసరానికి మించి

డెబియన్ ఈ సంబంధాలను తప్పనిసరి, సిఫారసు, సూచన అని మూడు స్థాయిలుగా విభజించింది. 2009లో వెలువడిన డెబియన్ 5.0 నుంచి, మీరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, సిఫారసు చేసినవి కూడా వాటంతటవే వస్తున్నాయి.

రెండో కారణం కూడా గమనించండి. ప్యాకేజీని ఒకసారి తయారుచేసి లక్షల మందికి పంచుతారు. ఎవరికి ఏది కావాలో ముందుగా తెలియదు కాబట్టి అన్ని సదుపాయాలూ కలిపి తయారుచేస్తారు. ఎన్నడూ వాడని సదుపాయానికి చెందిన లైబ్రరీ కూడా మీ యంత్రంలో చేరుతుంది. జెంటూ వంటి పంపిణీలో వాడుకరి తనకు కావలసిన సదుపాయాలనే ఎంచుకొని సొంత యంత్రంలోనే ప్రోగ్రాంను తయారుచేసుకోవచ్చు. దానికి చాలా సమయం వెచ్చించాలి.

3. 2024 నాటి ఉదంతం

దూరంలోని కంప్యూటర్‌లోకి సురక్షితంగా ప్రవేశించడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాడతారు. దాని మూల రూపానికి ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళను కుదించే సాఫ్ట్‌వేర్‌తో సంబంధమే లేదు. అయితే డెబియన్, ఫెడోరా వంటివి 'నేను సిద్ధం' అని సిస్టమ్‌డీకి తెలియజేసే చిన్న మార్పును అందులో చేర్చాయి. ఆ చిన్న కబురు కోసం సిస్టమ్‌డీ లైబ్రరీని మొత్తంగా జోడించాయి. ఆ లైబ్రరీ లాగ్‌లను కుదించడానికి ఎక్స్‌జెడ్ లైబ్రరీని వెంట తెచ్చింది. ఈ విధంగా, ఎవరూ కోరకుండానే, ఎక్స్‌జెడ్ కోడ్ ద్వారపాలకుడి గదిలోకి చేరింది.

'జియా టాన్' అనే పేరుతో ఒకరు 2021 నుంచి ఎక్స్‌జెడ్ పనిలో సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 సంచికల్లో దొంగ ద్వారాన్ని దాచారు. లాగిన్‌కు సుమారు అర సెకను ఆలస్యం అవుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ కారణం వెతికి, 2024 మార్చి 29న దానిని బయటపెట్టారు. అప్పటికి ఈ సంచికలు ప్రధానంగా డెబియన్, ఫెడోరాల ప్రయోగాత్మక విడుదలలకే చేరాయి. డెబియన్ స్థిర విడుదలకు చేరలేదు.

4. ఏమి నేర్చుకోవాలి?

డిపెండెన్సీలన్నీ చెడ్డవని అనుకోకండి. ప్రతి ప్రోగ్రాం తన సొంత కోడ్‌నే మోస్తే, ఒక లోపాన్ని వంద చోట్ల సరిదిద్దవలసి వస్తుంది. ప్రతి డిపెండెన్సీ ఒక కొత్త వ్యక్తిపై నమ్మకం ఉంచడమే అని మరవకూడదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ బృందం 2024 జులైలో వెలువరించిన 9.8 సంచికలో ఆ కబురు పంపే కోడ్‌ను తామే రాసుకొంది. లైబ్రరీ అవసరం లేకుండా పోయింది. 'ఇది లేకపోతే ఏ పని ఆగిపోతుంది?' అన్న ప్రశ్న ముందే వేసుకొని ఉంటే, ఆ దారి ముందే మూసుకుపోయేది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డిపెండెన్సీల ఎంపిక వాడుకరి చేతి నుంచి ప్యాకేజీ తయారీదారు చేతికి మారడం వల్ల కలిగిన లాభనష్టాలను చర్చించండి.