శనైశ్చరుడి ఖాతాలో మన వాయిదాలు

పోయిన సంవత్సరం పోర్ట్ బ్లెయిర్ నుంచి మాకు అక్క వరసయ్యే ఒకావిడ ఫోన్ చేసింది. (2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. ఆవిడ నోట మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే.) వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. అక్కణ్ణించి అండమాన్‌కి బతకడానికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, వీళ్ళదీ అందులో ఒకటి. కొడుకు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. మూడు నెలలుగా ఒక్క పేజీ రాయలేదు. ఇవ్వకపోతే సంవత్సరం పోతుంది.

"ఏటి సెయ్యమంటావు తమ్ముడూ, ఆడికి ఏలినాటి శనంట. పుస్తకం తెరుస్తాడు, సూస్తాడు, మూసేస్తాడు. శాంతి సేయిస్తే పోద్దన్నారు పంతులుగారు" అంది.

పక్కనుంచి బావగారి గొంతు వినిపించింది. "శనీ లేదు గినీ లేదు. నాలుగు తగిలిస్తే అదే కదుల్తాది."

నేను హేతువాదినని ఇద్దరికీ తెలుసు. కాబట్టి బావగారు నేను తన పక్షమే అనుకున్నారు. నాకు మాత్రం రెండు సిద్ధాంతాలూ ఒకే కొమ్మకి కాసినట్టు కనిపించాయి.

ముందు శని సంగతి. శనైశ్చరుడు అంటేనే నెమ్మదిగా నడిచేవాడు. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి ఆ గ్రహానికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నరేళ్ళు పడుతుంది. గ్రహం మెల్లగా కదులుతోంది కాబట్టి మనిషీ మెల్లగా కదులుతాడు! పోలికని కారణంగా పొరబడడం అంటే ఇదే. సరే, వాళ్ళ లెక్కే తీసుకుందాం. ఒక్కో రాశిలో శని రెండున్నరేళ్ళు ఉంటాడు. జన్మరాశి, దానికి ముందుది, తర్వాతది, ఈ మూడూ కలిపితే ఏడున్నరేళ్ళు. అంటే ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో మూడింటికి ఏలినాటి శని ఉండాల్సిందే. అరవై మంది ఉన్న క్లాసులో సుమారు పదిహేను మందికి. ఆ పదిహేను మందిలో ఫస్టు వచ్చేవాడు కూడా ఉండొచ్చు. వాడికెవరూ శాంతి చేయించరు.

ఇక అసలు లెక్క. 1984లో సోలమన్, రాత్‌బ్లమ్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 342 మంది విద్యార్థుల్ని అడిగారు. టర్మ్ పేపరు రాయడాన్ని దాదాపు ఎప్పుడూ వాయిదా వేస్తామని చెప్పినవాళ్ళు 46 శాతం. పరీక్షలకి చదవడం దగ్గర అదే మాట చెప్పినవాళ్ళు 28 శాతం లోపే. ఒకే కుర్రాడు, ఒకే జాతకం. పని మారితే వాయిదా మారుతోంది. శనికి టర్మ్ పేపరంటే ప్రత్యేకమైన పగ ఉందని ఏ పంచాంగంలోనూ నేను చూడలేదు.

మన పాతవాళ్ళకి ఈ జబ్బు తెలియదనుకోకండి. మహాభారతం శాంతిపర్వంలో మూడు చేపల కథ ఉంది. చెరువు ఎండుతోందని తెలిసి ఒకటి ముందే వెళ్ళిపోతుంది, ఒకటి వలలో పడ్డాక ఉపాయంతో బయటపడుతుంది, మూడోది చస్తుంది. చచ్చిన చేప పేరు దీర్ఘసూత్రుడు. చేయాల్సిన పనిని సాగదీసేవాడు అన్నమాట. ఇదే కథ పంచతంత్రంలోకి వచ్చేసరికి చచ్చిన చేప పేరు మారిపోయింది: యద్భవిష్యుడు. రాసిపెట్టింది ఎలాగూ జరుగుతుందని కూర్చున్నవాడు. ఒక కథలో వాయిదా వేసేవాడూ, ఇంకో కథలో విధిని నమ్మేవాడూ ఒకే చేప! దీన్నిబట్టి చూస్తే మా మేనల్లుడికి ఏలినాటి శని అని చెప్పడం అంటే దీర్ఘసూత్రుణ్ణి పట్టుకెళ్ళి యద్భవిష్యుడిగా మార్చడమే.

ఇప్పుడు బావగారి "నాలుగు తగిలిస్తే" దగ్గరికి వద్దాం. ఈ సిద్ధాంతాన్ని ఆయన ఉండే ఊళ్ళోనే ఒక ప్రభుత్వం ఏళ్ళ తరబడి అమలు చేసి చూసింది. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన సెల్యులర్ జైల్లో, ఎద్దులు తిప్పాల్సిన గానుగకి మనుషుల్ని కట్టారు. రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి, అంటే పదమూడున్నర కిలోలు. తక్కువైతే బేడీలు, గొలుసులు, కొరడా. 1912లో ఇందుభూషణ్ రాయ్ ఉరి వేసుకున్నాడు. అదే ఏడాది ఉల్లాస్‌కర్ దత్ మతి చలించి పిచ్చాసుపత్రి పాలయ్యాడు. పని ఎగ్గొడుతున్నారన్నది జైలు అధికారుల నిత్య ఫిర్యాదు. ఇలాంటి ఫిర్యాదుల వెనకున్న చరిత్రని మలేషియా సామాజిక శాస్త్రవేత్త సయ్యద్ హుసేన్ అలతాస్ 1977లో ఒక పుస్తకంగా రాశారు. తెల్లవాడు చెప్పిన చోట, చెప్పిన కూలికి పనిచేయని మలయా, జావా, ఫిలిప్పీన్స్ ప్రజలందరికీ "సోమరి" ముద్ర ఎలా పడిందో అందులో చూపించారు.

గానుగ తిప్పననడం వాయిదా కాదు, పోరాటం. రెండిటినీ కలిపేస్తే ఆ మనుషులకి అన్యాయం చేసినట్టే. నా ప్రశ్న వేరు: భయం వల్ల ఏమొచ్చింది? ఆ రోజుకి నూనె వచ్చింది. అంతే.

అదే గోడల మధ్య 1930లలో ఇంకో సంగతి జరిగింది. 1933 మే నెలలో ఖైదీలు నిరాహారదీక్ష చేశారు. బలవంతంగా గొట్టాలతో పాలు పోయించడంతో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా చనిపోయారు. వాళ్ళు అడిగినవాటిలో తిండి, పడకతో పాటు చదువుకోవడానికి పుస్తకాలూ, రాత్రిపూట దీపమూ ఉన్నాయి. దీక్ష తర్వాత అవి దొరికాయి. తరగతులు మొదలయ్యాయి. 1935లో కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్ ఏర్పడ్డాక చరిత్ర, అర్థశాస్త్రం పద్ధతి ప్రకారం చదివారు, చేతిరాత పత్రిక నడిపారు. ఆ జైలుని విశ్వవిద్యాలయం అన్నవాళ్ళున్నారు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడ్డ మన ప్రతివాది భయంకరాచారి గారు కూడా అక్కడి ఖైదీయే. పరీక్ష లేదు, పట్టా లేదు, తన్నేవాడు లేడు. అయినా చదివారు. ఇది ప్రయోగం కాదు, కంట్రోల్ గ్రూపు లేదు, కాబట్టి దీన్నుంచి సూత్రం తీయను. కానీ కొరడా లేకపోతే యువకుడు పుస్తకం పట్టడు అనేవాళ్ళు ఈ జైలు చరిత్రకి ఏదో ఒక జవాబు చెప్పాలి.

మరి వాయిదాకి కారణమేమిటి? ఇక్కడ మనవాడొకడున్నాడు: ఆల్బర్ట్ ఎల్లిస్. పచ్చి నాస్తికుడు. విలియమ్ నాస్‌తో కలిసి 1977లో వాయిదా జబ్బు మీదే ఒక పుస్తకం రాశాడు. "నేను చేసేది గొప్పగా ఉండి తీరాలి, లేకపోతే నేను పనికిరాను" లాంటి అహేతుకమైన నమ్మకాలు లోపల పనిచేస్తాయని ఆయన వాదన. సోలమన్, రాత్‌బ్లమ్ సర్వేలో కూడా తేలిన ముఖ్య కారణాలు రెండు: తప్పుతామన్న భయం, పని మీద అయిష్టం. 1997లో టైస్, బామీస్టర్ సెమిస్టరంతా విద్యార్థుల్ని గమనించారు. వాయిదా వేసేవాళ్ళకి మొదట్లో ఒత్తిడి తక్కువగా ఉంది, చివర్లో ఎక్కువైంది, మార్కులూ తగ్గాయి. అంటే వాయిదా తలనొప్పికి రాసుకునే బామ్ లాంటిది. ఆ పూటకి హాయిగా ఉంటుంది, అందుకే మళ్ళీ మళ్ళీ రాసుకుంటాం. భయం వల్ల పుట్టినదానికి తన్నులు మందైతే, భయానికి భయమే మందన్నట్టు. 2010లో కెనడాలోని కార్లటన్ యూనివర్సిటీలో 119 మంది మీద చేసిన అధ్యయనంలో, మొదటి పరీక్షకి చదవకుండా సాగదీసినందుకు తమని తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకి తక్కువ సాగదీశారు. బావగారికి ఇది చెప్తే నమ్మలేదు.

(మనమూ తక్కువ తినలేదు. రాహుకాలాన్ని వెక్కిరించే నేను "సోమవారం నుంచి", "జనవరి ఒకటి నుంచి" అని ముహూర్తాలు పెట్టుకుంటాను. ఈ వ్యాసం మూడు సోమవారాలు చూసింది.)

కుర్రాడితో విడిగా మాట్లాడాను. మొదట "మూడ్ లేదు మావయ్యా" అన్నాడు. అరగంట తర్వాత అసలు మాట వచ్చింది. "నా ఇంగ్లీషు చూసి గైడు నవ్వుతారు." మూడు నెలల శని ఇది. రెండు పేజీలు తప్పుల తడకగానే రాయమన్నాను. ఇంగ్లీషు రాని చోట తెలుగులో రాసి ముందు నాకు పంపమన్నాను, గైడుకి కాదు. గురువారం రాత్రి రెండున్నర పేజీలు వచ్చాయి. తప్పులున్నాయి, విషయమూ ఉంది.

శనివారం అక్క శాంతి చేయించింది. ఆదివారం ఫోన్ చేసి "సూసావా తమ్ముడూ, పూజ సేయించాం, రాత మొదలెట్టాడు" అంది. పేజీలు గురువారమే వచ్చాయని చెప్పాను. "సంకల్పం బుధవారమే సెప్పుకున్నాం కదా" అంది.

రెండో అధ్యాయం ఇంకా రాలేదు. రేపు ఫోన్ చేస్తాను.