విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో సరిదిద్దని దృష్టిలోపాలు

కళ్లజోడుతోనో కాంటాక్టు లెన్సులతోనో సరయ్యే లోపం ఉండి కూడా, అవి లేకుండానే నెట్టుకొస్తుంటే దాన్ని సరిదిద్దని దృష్టిలోపం అంటారు. విశ్వవిద్యాలయ వయసులో ఇది ఎక్కువగా హ్రస్వదృష్టి రూపంలో కనిపిస్తుంది. బడి పిల్లలకు, వృద్ధులకు జరిగే కంటి పరీక్షల నడుమ ఈ వయసువారు తరచూ మిగిలిపోతుంటారు.

రకాలు

హ్రస్వదృష్టిలో దగ్గరి అక్షరాలు బాగానే కనిపిస్తాయి, దూరపువి మసకబారతాయి. పెద్దల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఇంకో మిల్లీమీటరు సాగితే మైనస్ 2.5 నుంచి 3 డయాప్టర్ల దాకా పవర్ వస్తుంది. దీర్ఘదృష్టి ఉన్న యువతలో కంటి కటకం తనే ఉబ్బి లోపాన్ని కప్పిపుచ్చుతుంది. అందుకే బోర్డు స్పష్టంగా కనిపించినా, కాసేపు చదివేసరికి తలనొప్పి మొదలవుతుంది. కార్నియా వంపు అన్ని దిశల్లో సమానంగా లేకపోతే ఆస్టిగ్మాటిజం అంటారు. కళ్లద్దాల చీటీలో ‘సిలిండర్’ పవర్ రాసేది దీనికే. ఆ పవర్ తరచూ మారుతుంటే, కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉందేమో చూడాలి.

కారణాలు

వంశపారంపర్యంతో పాటు, చిన్నప్పటి నుంచి ఆరుబయట వెలుతురులో గడిపే సమయం తగ్గడం, గంటల తరబడి దగ్గరి చదువు హ్రస్వదృష్టిని పెంచుతాయి. తూర్పు ఆసియా నగరాల్లో బడి చదువు ముగించేవారిలో 80 నుంచి 90 శాతం మందికి ఈ లోపం ఉంది. చాలామందికి ఇది బడి వయసులోనే మొదలైనా, కొందరికి ఇరవైల్లోనూ కొత్తగా వస్తుంది.

గుర్తించడం

చూపు మెల్లగా తగ్గుతుంది కాబట్టి తేడా తెలియదు. ఒక కన్ను బాగుంటే రెండోదాని లోపం అసలే బయటపడదు. పక్కవారి నోట్సు చూసి రాసుకోవడం, బోర్డును ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవడం, బస్సు దగ్గరికొస్తే గానీ నంబరు పోల్చుకోలేకపోవడం మామూలు గుర్తులు. కళ్లు చిట్లిస్తే లోపలికి వెళ్లే కాంతి సన్నబడి మసక కొంత తగ్గుతుంది. వైద్యులు సన్నని రంధ్రం గుండా చార్టు చదివించేదీ ఈ సూత్రంతోనే. రంధ్రంలోంచి చూపు మెరుగుపడితే అది చాలావరకు అద్దాలతో సరయ్యే లోపమే. ఈ చార్టును 1862లో డచ్ వైద్యుడు హెర్మన్ స్నెలెన్ రూపొందించారు. చూపు 6/18 అంటే, మామూలు చూపు ఉన్నవారు 18 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగలగడం.

కొందరికి ఉద్యోగపు వైద్య పరీక్షలో గానీ సంగతి తెలియదు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ కొలువుకు అద్దాలు లేకుండానే రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి.

అద్దాలకు దూరం

‘సోడాబుడ్డి’ అని వెక్కిరిస్తారన్న బెరుకు, పెళ్లి సంబంధాలకు అడ్డమన్న ఇంట్లోవాళ్ల భయం, ఖర్చు కలిసి చాలామందిని ఆపుతాయి. అద్దాలు పెడితే సైట్ పెరుగుతుందన్న నమ్మకం తప్పు. తక్కువ పవర్ అద్దాలు వాడినా సైట్ పెరగడం ఆగదు.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10 వేల మందికి పైగా పరీక్షించింది. అంధత్వానికి శుక్లం తర్వాత పెద్ద కారణం సరిదిద్దని దృష్టిలోపమేనని అందులో తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు అనే కంటి పరీక్షల కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన ఇలాంటి కార్యక్రమం ముందు బడి పిల్లలకు, తర్వాత 60 ఏళ్లు దాటినవారికి చేరింది. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లతో ఆగిపోతుంది. ఊళ్లో శిబిరం పెట్టినా, హాస్టల్లో ఉండే విద్యార్థికి అది అందకపోవచ్చు.

సరిదిద్దడం

అన్నిటికన్నా చవకైన మార్గం కళ్లజోడు. లేజర్ చికిత్సకు 18 ఏళ్లు నిండి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. లేజర్‌తో అద్దాలు తప్పుతాయి గానీ సాగిన కనుగుడ్డు పొట్టిబడదు. కాబట్టి మైనస్ 6, ఆపైన పవర్ ఉన్నవారు చికిత్స తర్వాత కూడా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. కంట్లో మెరుపులు, నల్లని చుక్కలు హఠాత్తుగా కనిపిస్తే అది రెటీనా ఊడుతున్న సూచన కావచ్చు, అదే రోజు వైద్యుణ్ణి కలవాలి.