గుంటూరి గ్రహణమును, చిన్న దుర్భిణియు

స్వల్పధనముతో సూర్యుని ఛాయాచిత్రములు తీయుటకు ఏ దుర్భిణి కొనవలెనని తెనాలి విద్యార్థి యొకఁడు నన్నడిగెను. నాకు 1868 ఆగస్టు 18 స్ఫురించినది. ఆ యుదయము తెనాలి, బాపట్ల, రేపల్లెలు చంద్రుని నీడలో మునిఁగినవి. గుంటూరులో 5 నిమిషములకు పైగాఁ జీఁకటి! టెనెంటు దొర యచ్చట దర్పణపు దుర్భిణితోఁ జిత్రములు తీసెను. ఫ్రెంచి పండితుఁడు జాన్సెన్ వర్ణపటదర్శినితో సూర్యుని యంచునఁ గల జ్వాలలను బరీక్షించి, వాయుమయములని గుర్తించి, మఱునాఁడు గ్రహణము లేకయే వానిని మరలఁ గనుఁగొనెను.

బాలునితో నంటిని: "సూర్యునికడ వెలుఁగునకుఁ గొఱఁత లేదు, పెద్ద కటకపు లాభమును బగటి గాలి మ్రింగివేయును. 60 మిల్లీమీటర్ల కటకము చాలును. మిగిలిన రూకలు గట్టి ముక్కాలికిని, కటకమునకు ముందు బిగించు సౌరపటలమునకును వెచ్చింపుము. కంటికడ బిగించు నల్లగాజు వేఁడికిఁ బగులును, చూపు పోవును."

"జాన్సెన్ చూచిన జ్వాలలు కనఁబడునా?" యని యడిగెను. ఆ పటలముతో మచ్చలే కానవచ్చును. జ్వాలలకు వేఱొక వడపోత వలయును, దాని వెల దుర్భిణి వెలను మించును.