ఎర్రజెండా ఒకరి చేతిలో, గడియారం మరొకరి చేతిలో

పట్టాల మీద పనిచేసే మనిషికి రైల్వే నియమావళి ఇచ్చిన అధికారం చిన్నదేమీ కాదు. పట్టా విరిగినా, కంకర కొట్టుకుపోయినా, మరమ్మతు కోసం లైను విప్పినా ఎంతటి ఎక్స్‌ప్రెస్‌నైనా ఆపాల్సింది గ్యాంగు మనుషులే. ఎలా ఆపాలో సాధారణ నియమావళి 15వ అధ్యాయం మీటర్ల లెక్కన చెబుతుంది. బ్రాడ్‌గేజి లైను మీదైతే పనిచోటికి 30 మీటర్ల దూరంలో చేతి సిగ్నల్ చూపాలి, 600 మీటర్ల దగ్గర ఎర్ర బ్యానర్ కట్టాలి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో, చక్రం ఎక్కగానే పేలి హెచ్చరించే డిటొనేటర్లు మూడు పట్టా మీద పెట్టాలి. కాగితం మీద ఇది కార్మికుడికి రక్ష. ప్రమాదం జరిగిన మర్నాడు అవే దూరాలు అతడి మీద అభియోగాలవుతాయి: బ్యానర్ ఎందుకు కట్టలేదు, డిటొనేటర్లు ఎందుకు పెట్టలేదు? మన దేశంలో ట్రాక్ కార్మికుల మీద క్రమశిక్షణ చర్యల చరిత్ర నూట ముప్పై ఏళ్లు దాటింది. ఇంత కాలంలో శిక్ష వేసే పద్ధతి ఎంతో నాగరికమైంది. విచారణలో అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. నియమాన్ని ఎవరు మీరారు అని అడుగుతున్నాం. ఆ రోజు, ఆ చోట, ఆ నియమాన్ని పాటించే వీలుందా అని అడగడం లేదు.

మొదట్లో శిక్ష నేరచట్టం రూపంలోనే వచ్చింది. 1890 నాటి రైల్వే చట్టం 101వ సెక్షన్ ప్రకారం, డ్యూటీలో ఉన్న రైల్వే ఉద్యోగి నియమాన్ని ధిక్కరించిగాని, నిర్లక్ష్యంవల్లగాని ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 500 రూపాయలంటే గ్యాంగు కూలీకి ఏళ్ల తరబడి కూడినా తేలని మొత్తం. 1989లో వచ్చిన కొత్త రైల్వే చట్టంలో కూడా 175వ సెక్షన్‌గా రెండేళ్ల జైలు కొనసాగింది. అయితే జైలు అరుదు, జీతంలో కోత రోజువారీ. ఎంత కోయాలో, దేనికి కోయాలో పైవాడి ఇష్టంగా నడిచిన ఆ వ్యవహారానికి 1936 వేతన చెల్లింపు చట్టం హద్దులు గీసింది. ఏయే తప్పులకు జరిమానా వేస్తారో ముందే ప్రకటించాలి, కార్మికుడి సంజాయిషీ వినాలి, మొత్తం జరిమానా వేతనంలో రూపాయికి అర్ధణా మించకూడదు, వసూలైన సొమ్మును కార్మికుల మేలుకే ఖర్చుపెట్టాలి. ఇవి దయతో వచ్చినవి కావు. వి.వి. గిరి వంటి నాయకులు ఖరగ్‌పూర్ మొదలుకొని బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన 1920ల పోరాటాలు, కార్మికుల స్థితిగతులపై 1931లో వెలువడిన విట్లీ కమిషన్ నివేదిక వీటి వెనక ఉన్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత ఈ దారి ఇంకొంత ముందుకు సాగింది. నోటీసిచ్చి ఊరికే ఉద్యోగం తీసెయ్యడానికి వీలిచ్చే రైల్వే నిబంధనలు చెల్లవని 1963 డిసెంబరులో మోతీరాం డేకా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1968లో రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమాలు వచ్చాయి. మందలింపు, ఇంక్రిమెంటు నిలుపుదల వంటి చిన్న శిక్షలకు ఒక దారి, హోదా తగ్గింపు, తొలగింపు, బర్తరఫ్ వంటి పెద్ద శిక్షలకు మరో దారి ఏర్పడ్డాయి. ఈ రెండు దారుల్లో వరసగా అభియోగం మోపే ‘ఎస్ఎఫ్ పదకొండు’, ‘ఎస్ఎఫ్ ఐదు’ అన్న ఫారాల పేర్లు ఏ గ్యాంగులోనైనా అందరికీ తెలిసినవే. మొదటిది అందితే నిట్టూర్పు, రెండోది అందితే యూనియన్ ఆఫీసుకు పరుగు. అభియోగం రాతలో ఉండాలి, సాక్షులను ప్రశ్నించనివ్వాలి, తోడుగా ఒకరిని తెచ్చుకోనివ్వాలి, అప్పీలు ఉండాలి. 1890తో పోలిస్తే ఇది ఎంతో దూరం. ఐతే విచారణ జరపడం సాధ్యం కాదనుకుంటే దాన్ని పక్కనపెట్టి నేరుగా శిక్షించే వెసులుబాటు 14వ నియమంలో ఉంది. 1974 రైల్వే సమ్మెలో దాన్ని విరివిగా వాడారు. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థించింది.

స్వాతంత్ర్యానికి ముందే మరో మార్పు వచ్చింది, నా వాదనకు అదే కీలకం. 1937 జూలైలో బీహార్‌లోని బిహటా దగ్గర రైలు పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. పట్టాల వరస చెదిరింది కాబట్టి పట్టాలవాళ్లను పట్టుకోవడం తేలిక. కాని విచారణ ఎక్స్‌బీ తరగతి ఇంజన్ దాకా వెళ్లింది. వేగం పెరిగితే అటూ ఇటూ ఊగే ఆ ఇంజన్ దారిని వంకర తిప్పుతుందని బయటపడింది. తప్పు డిజైనులో, ఆ ఇంజన్లను కొన్న నిర్ణయంలో, వాటిని ఆ దారి మీద ఆ వేగంతో నడపడంలో ఉంది. ఆ ఇంజన్లను పరిశీలించిన మౌంట్ కమిటీ, ప్రమాదాలను విచారించే ఇన్‌స్పెక్టర్లు రైల్వే బోర్డు కింద ఉండకూడదన్న అభిప్రాయాన్ని బలపరిచింది. 1941లో ఆ తనిఖీ వ్యవస్థను బోర్డు నుంచి విడదీశారు. నేటి రైల్వే భద్రతా కమిషన్ దాని వారసురాలే, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తుంది. తన మీద తానే తీర్పు చెప్పుకోలేనన్న సత్యాన్ని రైల్వే అలా ఒప్పుకుంది. కాని ఆ ఒప్పుకోలు సగమే. కారణం కనుక్కునే పని బయటికి వెళ్లింది, శిక్షించే పని లోపలే ఉండిపోయింది. గ్యాంగ్‌మన్ మీద అభియోగం రాసేదీ, శిక్ష ఖరారు చేసేదీ అతడి శాఖ అధికారులే. వాళ్ల మీద కూడా బళ్లు వేళకు నడవాలన్న ఒత్తిడి ఉంటుంది.

ఆ ఒత్తిడి ఎలా పనిచేస్తుందో చూడాలంటే ‘బ్లాక్’ అన్న మాట అర్థం చేసుకోవాలి. లైను విప్పాలంటే ఆ కాసేపూ రైళ్లు రాకుండా కంట్రోలు నుంచి, స్టేషన్ నుంచి వ్యవధి దొరకాలి. రద్దీ లైన్లలో ఆ వ్యవధి కరువు. పని వాయిదా వేస్తే పట్టా పాడవుతుంది, తప్పు గ్యాంగుది. బ్లాక్ లేకుండా చేస్తే నియమం మీరినట్టు, అప్పుడూ తప్పు గ్యాంగుదే. 2017 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్‌లోని ఖతౌలీ దగ్గర ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 20 మందికి పైగా మరణించారు. బ్లాక్ లేకుండా, బండిని ఆపే ఏర్పాటు లేకుండా పట్టాల మీద పని జరుగుతోందని తేలింది. కొద్ది రోజుల్లోనే 13 మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు, వారిలో ఎక్కువమంది ట్రాక్ కార్మికులే. పై అధికారుల్లో కొందరు సస్పెండయ్యారు, మరికొందరిని సెలవు మీద పంపారు. రెండు చర్యలకూ తేడా ఉంది. సెలవు ముగుస్తుంది, తొలగింపు ముగియదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. వేలమంది ప్రాణాలు ఒక బోల్టు మీద, ఒక జెండా మీద ఆధారపడ్డచోట శిక్ష భయం లేకపోతే ఎలా? డ్యూటీలో తాగినవాణ్ణి, బీటు నడవకుండానే నడిచానని రాసినవాణ్ణి వ్యవస్థ పేరు చెప్పి వదిలేస్తామా? వదలకూడదు. తెలిసి చేసిన మోసానికీ, పాటించే వీలు లేని నియమం తప్పడానికీ మధ్య గీత గీయాలన్నదే నా వాదన. ఆ గీత లేనప్పుడు భయం వేరే పని చేస్తుంది. పట్టాలో చీలిక కనబడితే ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదన్న ప్రశ్న వస్తుందని చెప్పకుండా దాచే మనిషి తయారవుతాడు. కార్మికులే తొందర కోసం అడ్డదారులు తొక్కుతారన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, తొక్కుతారు. ఐతే ఆ అడ్డదారిలో మొదట పోయేది వాళ్ల ప్రాణాలే. 2012లో అనిల్ కకోద్కర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం 2007 నుంచి 2011 అక్టోబరు దాకా డ్యూటీలో చనిపోయిన రైల్వే సిబ్బంది దాదాపు 1600 మంది, గాయపడ్డవారు 8700 మంది. అదే కాలంలో రైలు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు వెయ్యికి కాస్త పైన. చావు భయమే ఆపలేని అడ్డదారిని ఛార్జిషీటు భయం ఆపుతుందనుకోవడం అమాయకత్వం. అడ్డదారి అంతగా అలవాటైందంటే అసలు దారి మూసుకుపోయిందని అర్థం.

అసలు దారిని తెరిచే మార్గాలు లేకపోలేదు. 1996లో అమెరికా తెచ్చిన ట్రాక్ కార్మికుల రక్షణ నిబంధనల్లో ఒక హక్కు ఉంది. రక్షణ ఏర్పాట్లు నియమాల ప్రకారం లేవని సదుద్దేశంతో అనుకుంటే కార్మికుడు పని ఆపి సవాలు చేయవచ్చు, ఆ సవాలు తేలేదాకా పట్టాల మీదికి వెళ్లనక్కర్లేదు. మన నియమావళి రైలును ఆపే జెండాను గ్యాంగ్‌మన్‌కు ఇచ్చింది. పై అధికారి ఆదేశాన్ని ఆపే జెండాను ఇంతే తేటగా ఇవ్వలేదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వరదకు వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోయారు. నవంబరులో అరియలూర్ ప్రమాదం తర్వాత నిజంగానే తప్పుకున్నారు. దాన్ని నైతిక బాధ్యత అన్నాం, ఇప్పటికీ గౌరవంగా తలచుకుంటాం. పైన ఉన్నవాడు తనకు తానై మోస్తే నైతిక బాధ్యత, కిందివాడి మీద మోపితే క్రమశిక్షణ. ఈ రెంటి మధ్య బ్లాక్ ఇవ్వని గంటలు, భర్తీ కాని ఖాళీలు, పెరిగిన వేగాలు ఉన్నాయి, వాటికి ఏ ఫారమూ లేదు. ఎస్ఎఫ్ ఐదు నింపే ముందు ఆ రోజు బ్లాక్ అడిగారా, ఇచ్చారా, ఇవ్వకపోతే ఎవరు ఇవ్వలేదు అన్న ఒక్క గడి నింపడం తప్పనిసరి చేసినా, 1941లో సగంలో ఆగిన పని మిగతా సగం మొదలైనట్టే.