ఆకుపచ్చ గౌను ఆవిడ ఎవరు?

లండన్ నేషనల్ గ్యాలరీలో ఒక చిన్న చిత్రం ఉంది. ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60. మన ముందుగది గోడకి తగిలించుకోదగ్గంత. 1434లో బ్రూజ్ పట్నంలో ఉండే యాన్ వాన్ ఐక్ అనే చిత్రకారుడు ఓక్ చెక్క మీద నూనె రంగులతో వేసింది అది. ఫ్లాండర్స్ ప్రాంతంలోని ఆ ఊరు ఇవాళ బెల్జియంలో ఉంది.

ఇందులో మంచం వేసిన ఒక గది, చేయీ చేయీ కలిపి నిలబడ్డ భార్యాభర్తలూ ఉన్నారు. ఆయన ఆర్నోల్ఫీని అనే ఇటలీ వర్తకుల కుటుంబం వాడు. ఆవిడది ఆకుపచ్చ ఉన్ని గౌను. కాళ్ళ దగ్గర కుక్కపిల్ల, విడిచిపెట్టిన చెక్క పాంకోళ్ళు, కిటికీ దగ్గర నారింజపళ్ళు, పైన ఇత్తడి దీపాల గుత్తిలో వెలుగుతున్న ఒకే ఒక్క కొవ్వొత్తి. వెనక గోడకి గుండ్రటి అద్దం. అందులో వీళ్ళ వీపులూ, గుమ్మంలో నిలబడ్డ మరో ఇద్దరు మనుషులూ కనిపిస్తారు! అద్దం పైన గోడమీద లాటిన్‌లో, యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434 అని రాసి ఉంది.

గుడ్డుసొన కలిపిన రంగు ఇట్టే ఆరిపోతుంది. అవిసె నూనె రంగు అలా కాదు, నిదానం. పల్చగా పొర మీద పొర వేస్తే లోపల్నుంచి వెలుగు వస్తున్నట్టుంటుంది. నూనె రంగుల్ని వాన్ ఐకే కనిపెట్టాడని వెనకటి పుస్తకాలు రాశాయి గాని అది నిజం కాదు, ఆయనకి ముందే ఉన్నాయి. కాని కుక్క ఒంటిమీద వెంట్రుకా వెంట్రుకా లెక్కపెట్టుకునేలా వెయ్యడం ఆయనకే చెల్లింది.

ఇంత ఉన్నదున్నట్టు వేసినవాడు ఊరికే వేస్తాడా అన్న సందేహం పండితులకి వచ్చింది. 1934లో ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే ఆయన, ఇది పెళ్ళి పత్రం లాంటిదన్నాడు. కుక్క విశ్వాసానికి గుర్తు, కొవ్వొత్తి దేవుడి సన్నిధి, పాంకోళ్ళు విడిచారంటే అది పవిత్ర స్థలం, గోడమీది రాత సాక్షి సంతకం. ఎంత ముచ్చటగా కుదిరిందో చూడండి! చాలాకాలం అందరూ అదే నమ్మారు.

తీరా 1997లో తెలిసిందేమిటంటే, పెళ్ళికొడుకు అనుకున్న జొవాన్నీ ఆర్నోల్ఫీనికి పెళ్ళయింది 1447లోనట! అంటే చిత్రం వేసిన పదమూడేళ్ళకి. అప్పటికి వాన్ ఐక్ పోయి ఆరేళ్ళు. పైగా పరారుణ కిరణాలతో పరీక్షించి చూస్తే, రంగు వెయ్యకముందు గీసుకున్న గీతల్లో కుక్కా లేదు, దీపాల గుత్తీ లేదు. అంత ముఖ్యమైన గుర్తులే అయితే ముందుగానే అనుకుని ఉండడూ?

ఆవిడ కడుపుతో ఉందని చాలామంది అనుకుంటారు. కాదు. మనం కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోమూ, అలా బరువైన గౌనుని ముందుకు దోపి పట్టుకుంది, అంతే. కన్యలైన పుణ్యస్త్రీలని కూడా ఆ కాలంలో ఇలాగే వేసేవారు.

మరి ఈవిడెవరు? ఆ ఇంట్లోనే మరో జొవాన్నీ ఉన్నాడు. అతని భార్య కోస్తాంజా. కూతురు చనిపోయిందని ఆమె తల్లి 1433లో రాసిన ఉత్తరం ఒకటి దొరికింది. అంటే ఈ చిత్రం వేసేనాటికి ఆవిడ లేదన్నమాట. అందుకే మార్గరెట్ కోస్టర్ అనే పరిశోధకురాలు ఇది పోయిన భార్య జ్ఞాపకంగా వేయించింది అంటారు. కొవ్వొత్తి వెలిగేది భర్త వైపు; ఆవిడ వైపు కరిగిన మైనం మాత్రమే. అద్దం చుట్టూ ఉన్న పది చిన్న బొమ్మల్లో కూడా భర్త వైపున క్రీస్తు బతికుండగా, ఆవిడ వైపున మరణమూ, ఆ తరవాతి ఘట్టాలూ. నన్నడిగితే కుక్క కంటె ఈ మైనపు ముక్కే నమ్మదగ్గ సాక్ష్యం. అయినా ఇది రెండో భార్య కావచ్చు అనేవాళ్ళూ ఉన్నారు.

వాన్ ఐక్ గోడమీద తన పేరు రాసుకున్నాడు గాని ఆవిడ పేరు రాయలేదు. 1439లో తన భార్య మార్గరెట్‌ని వేసినప్పుడు మాత్రం చట్రం మీద ఆమే మాట్లాడుతున్నట్టు రాశాడు: నా భర్త యాన్ నన్ను పూర్తిచేశాడు, నా వయసు 33 ఏళ్ళు అని. బ్రూజ్‌లోని మ్యూజియంలో ఉన్న ఆ చిత్రంలో కుక్కా లేదు, కొవ్వొత్తీ లేదు. నల్లటి వెనక తెర, తెల్లటి మేలిముసుగు, బిగించిన పెదాలు, సూటిగా మనకేసి చూసే చూపూ.