హైదరాబాదు విలాస బజార్లు: కొన్నవారు, అమ్మినవారు

నగరం పెరిగినంత మాత్రాన ఖరీదైన సరుకు అమ్మే దుకాణం నిలబడుతుందా? ఈ మధ్య ఈ ప్రశ్న తరచుగా వింటున్నాము. లక్షల రూపాయల చేతి గడియారాలు, విదేశీ తోలు సంచులు, వజ్రాల నగలు అద్దాల మేడల్లో పెట్టి అమ్మేవారు జనాభా లెక్క చూపిస్తారు. లెక్కకేం, ఘనంగానే ఉంది. 1901లో శివార్లు, కంటోన్మెంట్లతో కలిపి హైదరాబాదు జనాభా 4,48,466. 2011 నాటికి మహానగర పాలక సంస్థ హద్దుల్లోనే 67 లక్షలు దాటింది. అయితే తలలు లెక్కపెట్టి విలాస వ్యాపారం అంచనా వేయడం తప్పని మా అభిప్రాయం. ఈ నగరం చరిత్రే అందుకు సాక్ష్యం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ నగరానికి పునాది వేసినప్పుడే చార్మినారు చుట్టూ నాలుగు దిక్కులా బజార్లు వెలిశాయి. ఆ తరువాతి శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ రాజ్యానికి వచ్చి, కృష్ణా తీరంలోని కొల్లూరు గనులు కూడా చూసి గ్రంథం రాశాడు. అప్పట్లో మనం అమ్మేవాళ్లం, పై దేశాల వాళ్లు కొనేవాళ్లు. కొనేవాళ్లుగా మనకు పేరు వచ్చింది ఆసఫ్ జాహీల కాలంలో, ముఖ్యంగా ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోజుల్లో.

ఆయన 1869 నుంచి 1911 దాకా గద్దె మీద ఉన్నారు. వేసిన దుస్తులు మళ్లీ వేయరని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన దుస్తుల కోసం కట్టిన పొడవాటి చెక్క బీరువాల వరుసను చూసినవారికి ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. ఆయన దగ్గర దుస్తుల వ్యవహారం చూసిన ఉద్యోగి ఆల్బర్ట్ అబీద్. ఆ అబీద్ పెట్టిన దుకాణం పేరే నేటి ఆబిడ్స్‌కు మిగిలింది. ప్రభువు వాడి వదిలేసిన సరుకు ఆ దుకాణం చేరి, మళ్లీ దేవిడీలకే అమ్ముడుపోయేదని పాత ఊరిలో చెప్పుకుంటారు. అది నిజమో, నవ్వుకోవడానికి పుట్టిన కథో గాని, వ్యాపారం తీరు మాత్రం అందులో బాగా పట్టుబడింది. ఊరంతా ఖాతాదారులు కారు. ఒక ప్రభువు, ఆయన చుట్టూ పాయెగాలు, కొందరు జాగీర్దార్లు, అంతే.

కొనేవాడు ఒక్కడే అయితే అమ్మేవాడి గతి ఏమవుతుందో జాకబ్ వజ్రం కథ చెబుతుంది. సిమ్లాలో రత్నాల వ్యాపారం చేసే అలెగ్జాండర్ మాల్కం జాకబ్ 1891లో దాదాపు 185 కారట్ల వజ్రం ఒకటి నిజాముకు బేరం పెట్టాడు. 46 లక్షల మాట మీద 23 లక్షలు బయానాగా ముట్టింది. తరువాత నిజాం వద్దన్నారు, సొమ్ము తిరిగి ఇమ్మన్నారు. సొమ్ము అప్పటికే వజ్రం కొనడానికి వెళ్లిపోయింది. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. జాకబ్ నిర్దోషి అని తేలాడు గాని వ్యాపారం కోలుకోలేదు. పేదరికంలోనే 1921లో బొంబాయిలో పోయాడు. వజ్రం మాత్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. తండ్రిగారి చెప్పులో దొరికిన ఆ రాయిని ఏడవ నిజాం కాగితాలు ఎగరకుండా బరువుగా వాడారని అంటారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్న నిజాం నగల్లో అదీ ఒకటి. అంత సరుకు అమ్మిన వ్యాపారి అలా చితికిపోవడం ఈ కథలో మమ్మల్ని ఆలోచింపజేసే సంగతి.

ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్బు ఈ ఊరిదైనా ఖర్చు ఈ ఊరిలో కావాలని లేదు. మొదటి సాలార్ జంగ్ 1876లో రోము నగరంలో కొన్న ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ నేడు సాలార్ జంగ్ మ్యూజియంలో ఉంది. 1951లో ప్రజలకు తెరిచిన ఆ మ్యూజియంలో ఐరోపా గాజు సామాను, గడియారాలు, కుర్చీలు గది తరువాత గది చూసుకుంటూ పోవచ్చు. అంత సొమ్ములో మన బజారు దుకాణదారుకు ముట్టింది ఎంత? నేడు దుబాయికి పోయి గడియారం కొనుక్కు వచ్చేవారిని చూస్తే పాత నవాబులే గుర్తుకు వస్తారు.

ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సంగతి ఇంకా విచిత్రం. 1937లో అమెరికా వారి టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసి లోకంలోకెల్లా ధనవంతుడు అన్నది. ఆయనేమో మాసిన టోపీతో, పాత షేర్వాణీతో కాలం గడిపే మనిషని పేరు. అయినా బజారుకు ఆయన హయాం మేలే చేసింది. 1908 మూసీ వరదల తరువాత 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి బోర్డు చార్మినారు దారిలో పత్తర్‌గట్టి కట్టించింది. రాతి కమానులు, కింద దుకాణాలు, పైన ఇళ్లు. ఒక వర్తకుడు పోయినా మరొకడు వచ్చి కూర్చోగల కట్టడం అది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. 1949లో జాగీర్ల రద్దు. 1971లో రాజభరణాలు కూడా పోయాయి. దేవిడీల్లో కొలువులు పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లను నమ్ముకున్న దర్జీలు, జర్దోజీ పనివాళ్లు, అత్తరు సాయిబులు సంగతి చెప్పనక్కరలేదు. జనాభా మాత్రం పెరుగుతూనే ఉంది సుమా! ఊరు పెరుగుతుండగానే విలాస బజారు చిక్కిపోయింది.

మరి ముత్యాల వ్యాపారం ఎందుకు బతికింది? ఇదే అసలు తెలుసుకోవలసిన ముచ్చట. పూర్వం గల్ఫ్ సముద్రపు బస్రా ముత్యాలు రాచవాళ్లకే. జపానులో మికిమోటో 1893లో పెంపుడు ముత్యం తీశాక, 1920ల నుంచి ఆ సరుకు లోకమంతా పరుచుకుంది. బస్రా ముత్యం ధర పడిపోయింది, గల్ఫ్‌లో మునిగి ముత్యాలు ఏరేవాళ్ల జీవనం దెబ్బతిన్నది. హైదరాబాదు మాత్రం తట్టుకుంది. కారణం, ఇక్కడ ముత్యం పుట్టదు, ఇక్కడ ఉన్నది పనితనం. పగలకుండా సన్నని బెజ్జం వేయడం, మందునీటిలో నానబెట్టి మరక తీయడం, అద్దం అమర్చిన పెట్టెల్లో ఎండకు ఆరబెట్టడం, జల్లెడ పట్టి సైజు వారీగా ఏరడం, రంగూ మెరుపూ చూసి జత కలపడం. బస్రాది పోతే జపానుది, తరువాత చైనా మంచినీటి ముత్యం. సరుకు మారింది, చెయ్యి మారలేదు. నవాబు బేగం మెడలోని దండ గుమాస్తా భార్య మెడకు వచ్చింది. విజయవాడ నుంచో కర్నూలు నుంచో వచ్చినవారు పత్తర్‌గట్టిలో ఒక వరస కొనుక్కోకుండా పోవడం అరుదు.

లాడ్ బజారుదీ అదే దారి. లక్కను కొలిమి మీద కరిగించి, గాజుగా చుట్టి, ఒక్కొక్క రాయీ అద్దమూ చేత్తో పొదుగుతారు. వేల రూపాయల జత ఉంది, వందకు దొరికే జతా ఉంది. పెళ్లి కుదిరితే కలవారూ అక్కడికే, లేనివారూ అక్కడికే. 1970లలో చమురు ధర పెరిగి మనవాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి పోవడం మొదలయ్యాక, అక్కడి నుంచి వచ్చిన డబ్బు ఖడా దుపట్టాల మీద, జర్దోజీ పని మీద, నగల మీద ఖర్చయింది. జాగీర్దారు ఖాళీ చేసిన చోటును తాపీ మేస్త్రీ, డ్రైవరు నింపారంటే అతిశయోక్తి కాదు.

1998లో సైబర్ టవర్స్ తెరిచాక కొనేవాళ్లు మరోసారి మారారు. ఇప్పటి ధనం నెల జీతం, వాటాలు, భూమి బేరాలు. జీతగాడు నవాబు కాడు. ఇంటి అప్పు కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి, ఆ తరువాతే గడియారం. పెళ్లి ఖర్చు అంటే మాత్రం చేయి వెనక్కి తీయడు. కనుక ఈ నగరం కొన్ని గొప్ప దుకాణాలను పోషించగలదు, వీధి నిండా కాదు, అని మేము అనుకుంటున్నాము. ఐరోపా నుంచి తయారై వచ్చిన సంచి అమ్మే షాపు మూతపడితే అందులో నలుగురి ఉద్యోగాలు పోతాయి. లక్క గాజుల దుకాణం వెనక కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లు, ఇళ్లలో రాళ్లు పొదిగే ఆడవాళ్లు ఎందరో ఉంటారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ముద్ర వల్ల గాజు ధర పెరిగితే, పెరిగిన రూపాయిలో ఆ ఇంటి గడప దాకా ఎన్ని పైసలు చేరతాయన్నది ఇంకా తేలవలసిన లెక్క.