సొంత అచ్చుయంత్రం నుంచి సొంత సర్వర్ దాకా

1874 అక్టోబరులో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' మొదలుపెట్టినప్పుడు రాజమండ్రిలో ఆయనకు అచ్చుకూటం లేదు. రాత ఇక్కడ, అచ్చు మద్రాసులో. ఈ ప్రాంతానికి ఇంకా రైలు రాని కాలం. రాతప్రతి వెళ్లాలన్నా, అచ్చయిన ప్రతులు తిరిగి రావాలన్నా రోజుల తరబడి ప్రయాణం. కొంతకాలానికి ఆయన మిత్రులతో కలిసి రాజమండ్రిలోనే ముద్రణాలయం పెట్టుకున్నారు. దీన్ని ఖర్చు తగ్గించుకోవడానికి, ఆలస్యం తప్పించుకోవడానికి చేసిన ఏర్పాటుగా చూడవచ్చు. నాకు మాత్రం అంతకంటే పెద్ద సంగతే కనిపిస్తుంది. లంచగొండి ఉద్యోగుల గుట్టు బయటపెట్టే మనిషికి, యంత్రం ఎవరి చేతిలో ఉందనేది రాతకు సంబంధించిన ప్రశ్నే.

ఆనాటి వాదాలు నడిచిన తీరు కూడా గమనించదగ్గది. కొక్కొండ వేంకటరత్నం పంతులు మద్రాసు నుంచి 'ఆంధ్రభాషా సంజీవని' నడిపేవారు. వీరేశలింగాన్ని ఎద్దేవా చేయడానికి ఆయన 'హాస్యవర్ధని' తెస్తే, ఈయన 'హాస్యసంజీవని'తో బదులిచ్చారు. ఎదుటివారి పత్రిక పేరులో సగం లాక్కుని తమ పత్రికకు తగిలించుకోవడంలో ఇద్దరూ ఇద్దరే! ఒకరి అచ్చుకూటాన్ని మరొకరు మూయించలేరు. ఇద్దరికీ పైన కూర్చుని, ఏది ముందు చూపాలో ఏది దాచాలో తేల్చే మూడోమనిషి లేడు. వికేంద్రీకృత సామాజిక మాధ్యమం కోసం ఈనాడు ప్రయోగాలు చేస్తున్నవాళ్లు కోరుకునేది ఇంచుమించు ఈ అమరికనే.

కంప్యూటర్లలో ఆ అమరిక మొదట గట్టిగా నిలబడింది యూజ్‌నెట్‌లో. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ దాన్ని రూపొందించారు. ఒక కంప్యూటరుకు చేరిన సందేశాన్ని అది తన దగ్గర దాచుకుని పక్క కంప్యూటరుకు పంపుతుంది, అది ఇంకోదానికి. మొత్తానికి యజమాని అంటూ ఎవరూ లేరు. 1990లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లు అక్కడే ఒక తెలుగు చర్చావేదిక ఏర్పరచుకున్నారు. వాళ్లు దాన్ని 'స్కిట్' అనేవారు. వేదిక కుదిరింది కానీ దానిమీద తెలుగు లిపి కనిపించే దారి లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఆ చిక్కు విప్పారు. వాళ్ల పద్ధతిలో చిన్న టీ కొడితే 'త', పెద్ద టీ కొడితే 'ట'. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము వెంట వచ్చింది. 'రైస్' పేరు మీదుగా ఆర్‌టీఎస్ అని పిలిచే ఆ పద్ధతిలో ఇప్పటికీ ఎంతోమంది టైపు చేస్తున్నారు.

1991లో, అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. వాటిని తెరమీద చూపే ఖతి సామాన్యుడి కంప్యూటరుకు విండోస్ ఎక్స్‌పీతో, 2001లో చేరింది. మైక్రోసాఫ్ట్ ఆ ఖతికి పెట్టిన పేరు 'గౌతమి'. అక్షరాల పొందికలో దానికి వంకలు పెట్టనివాళ్లు తక్కువ. అయినా తెలుగు ఇంటర్నెట్ తొలి పదేళ్లూ చాలావరకు గోదావరి పాయ పేరున్న ఆ అక్షరాల్లోనే చదివాం.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. పాత ఖతుల్లో ఉన్న పేజీలను యూనికోడ్‌లో చూపే 'పద్మ' కూడా ఆయన చేసిందే. దాని ఆధారంగా వీవెన్ 2006లో 'లేఖిని' తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే పనంతా రాసేవారి బ్రౌజరులోనే జరుగుతుంది, మనం కొట్టిన మాట ఎవరి సర్వరుకూ పోనక్కర్లేదు. ఒకరు చేసిన పనిముట్టును మరొకరు అడగకుండానే తీసుకుని పెంచగలిగారంటే, దాని వెనక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం ఉంది. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ కళాశాలల వెంట తిరిగి బోధిస్తూ వచ్చింది ఆ నియమాన్నే.

యజమాని ఉన్న వేదికల కథ వేరు. 'రచ్చబండ' వంటి తెలుగు సాహిత్య చర్చలకు యాహూ గ్రూపులు ఏళ్లపాటు చోటిచ్చాయి. 2019 డిసెంబరులో యాహూ ఆ గ్రూపుల పాత సందేశాలను తుడిచేసింది, మరుసటి ఏడాది డిసెంబరులో సేవనే ఆపేసింది. భారత డిజిటల్ లైబ్రరీ మూతపడినప్పుడు మనకు అదృష్టం కలిసొచ్చింది. అందులోని లక్షల పుస్తకాలకు కార్ల్ మలముద్ అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవులో నకళ్లు పెట్టారు కాబట్టి తెలుగు పుస్తకాలు దక్కాయి. వికీపీడియా మొత్తాన్ని ఎవరైనా దించుకోవచ్చు. కివిక్స్ అనే ఉపకరణంతో తెలుగు వికీపీడియాను నెట్ లేకుండా ఫోనులో చదువుకోవచ్చు.

ఈ నకళ్ల గొడవ గోదావరి డెల్టాకు ఎందుకంటారా? ఇక్కడ అంకెలు ప్రాణాలతో ముడిపడి ఉంటాయి. ఆర్థర్ కాటన్ నేతృత్వంలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో నేడున్న బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహంలో చెప్పాలంటే దాదాపు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఎన్నో కొలతలున్న నదిని మూడు మెట్లుగా కుదించిన ఈ ఏర్పాటు డెల్టాలో అందరికీ అర్థమయ్యే గణాంక చిత్రం. రెండో హెచ్చరిక అని వినగానే లంకలో ఉన్న రైతుకు పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో తెలుస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. ఈ రెండు వరదలకూ గంటగంటకు మట్టం ఎలా పెరిగిందో పక్కపక్కన గీసి చూస్తే, తన ఊరికి నీరు ఎంత వేగంగా వస్తుందో లంకవాసికి ఒక అంచనా దొరుకుతుంది. మూడు మెట్ల హెచ్చరిక ఆ వేగాన్ని చూపదు. దాని లోపం అదే.

అదే 2022లో వరదకు రెండు నెలల ముందు కోనసీమకు ఇంకో అనుభవం ఎదురైంది. ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడింది. దాని పేరు మార్పు మీద మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. పుకార్లు వ్యాపిస్తాయని ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు. ఇంటినుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ పొరుగు ప్రాంతాలకు వెళ్లారు. పుకార్ల భయం నిరాధారమని నేననను. ఇళ్లు తగలబడిన రోజు అది. కానీ ఆ నిలిపివేత పుకారుకూ పనికీ తేడా చూడలేదు. ఇదే నిలిపివేత జులైలో పడి ఉంటే వరద సమాచారం గతేమిటి?

న్యూజీలాండ్‌లో పడవ మీద కాపురం ఉంటూ డొమినిక్ టార్ 2014లో, నెట్ ఆగినా నడిచే సామాజిక మాధ్యమం 'స్కటల్‌బట్' మొదలుపెట్టాడు. పడవలో నెట్ ఎప్పుడుంటుందో తెలియదు. అందుకే ప్రతి మనిషి రాతలూ అతని యంత్రంలోనే ఉంటాయి. రెండు యంత్రాలు ఒకే వైఫైలో కలిసినప్పుడు ఒకదానిలో లేనిది మరొకటి ఇస్తుంది. 2016లో వచ్చిన మాస్టడాన్ దారి వేరు. ఎవరి సర్వరు వారు నడుపుకుంటూ, 2018లో ప్రమాణమైన యాక్టివిటీపబ్ నియమాలతో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. 2019 నవంబరులో ట్విటర్ మీద కోపంతో ఎందరో భారతీయులు మాస్టడాన్‌కు వెళ్లారు, చాలామంది తిరిగొచ్చేశారు. స్నేహితులు ఎక్కడుంటే జనం అక్కడే ఉంటారు. స్కటల్‌బట్‌లో పంపిన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం, అబద్ధానికి కూడా అది అంతే నమ్మకంగా నకలు తీస్తుంది. వికేంద్రీకరణ ఉత్సాహంలో ఈ చిక్కును దాటవేయడం నిజాయితీ కాదు.

అందుకే ఈ ప్రయోగాలకు డెల్టాలో తగిన చోటు కబుర్లు కాదనీ, నీటి లెక్కలనీ నా అభిప్రాయం. మట్టం అంకెలు అధికారికంగా వెలువడేవి, వాటిలో వాదానికి తావు తక్కువ. వాటిని ఊరూరా ఫోన్లలో దాచి, నెట్ ఉన్నా లేకపోయినా ఒకరి నుంచి ఒకరికి అందించి, పాత వరదల పక్కన గీసి చూపే చిన్న ప్రోగ్రాముకు పెద్ద కంపెనీ అక్కర్లేదు. కాకినాడ, రాజమండ్రి, భీమవరం ఇంజనీరింగు కళాశాలల్లో చివరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుకుతున్నవాళ్లు దీన్ని చేపట్టాలి. మొదటి పరీక్ష మాత్రం ల్యాబులో కాకుండా ఏదో ఒక లంక గ్రామంలో, నెట్ కట్టేసి చేయండి.